దిక్కులు సరే, నీళ్ళ సంగతేంది?

కర్నూల్లో ఇల్లు కొంటున్నాం, ఒకసారి వచ్చి చూసిపెట్టమని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: ఆగస్టులో పిలువు, వస్తాను. చాలామందికి ఈ మాట నచ్చదు. మన దగ్గర ఇళ్ళ బేరాలు ఊపందుకునేది ఏప్రిల్, మే నెలల్లో. పిల్లలకు సెలవులు, బడి మార్చాలన్నా ఇల్లు మారాలన్నా అప్పుడే వీలు. కానీ ఆ రెండు నెలల ఎండకు ఎంత చెమ్మ పట్టిన గోడైనా ఎండిపోతుంది. మీద ఒక కోటు రంగు పూస్తే ఇక అడిగేదేముంది? హంద్రీ నదిలో చుక్క నీళ్ళుండవు. ఇంటి వెనక వంకలో, అంటే వాన వాగులో, పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఎండాకాలంలో చూస్తే ఏ ఇల్లయినా మంచిదే.

నేను ఇంజనీరును కాదు. బేల్దారి మేస్త్రీలనూ ప్లంబర్లనూ వెంటేసుకుని పాత ఇళ్ళకు రిపేర్లు చేయించే పని నాది. ఇళ్ళు కట్టేవాళ్ళకంటే బాగుచేసేవాళ్ళకే వాటి గుట్టు ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం. ఆ గుట్టు చెప్తే జనం నవ్వుతారు. గోడ పగులు, చెమ్మ, స్లాబు పెచ్చులు, కరెంటు షాకు, చివరికి ప్లాటు తగాదా, దేని మూలం వెతుక్కుంటూ పోయినా చాలాసార్లు నీళ్ళ దగ్గర తేలుతుంది. కరువు సీమలో కూర్చుని నీళ్ళ గురించి భయపెడతావేందప్పా అంటారు. అనంతపురంలో ఏడాది మొత్తం పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. కర్నూలుదీ అంత గొప్ప వానేం కాదు.

చిక్కంతా అక్కడే ఉంది. వాన తక్కువ కాబట్టి, అసలు రాదన్నట్టే కట్టుకుంటాం. పదేళ్ళు ఎండిన వంకను వంక అనుకోం, ఖాళీ జాగా అనుకుంటాం. సీమలో వాన ఏడాదంతా సర్దుకుని పడదు. పడినప్పుడు రెండు మూడు రోజుల్లో కుమ్మరించి పోతుంది. కడపలో 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి వీధుల్లోకి వచ్చింది. అనంతపురంలో 2022 అక్టోబరులో నడిమి వంక కాలనీలను ముంచేసింది. రెండూ ఏడాదిలో చాలా నెలలు మురుగునీళ్ళు తప్ప ఏమీ పారని వంకలే.

ఇక మా కర్నూలు సంగతి చెప్పక్కర్లేదు. ఒకవైపు తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ. రెండూ ఊరి అంచునే కలుస్తాయి. వీటికి తోడు సుంకేసుల నుంచి వచ్చే కేసీ కాలువ ఊళ్ళోంచే పోతుంది. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి రోజున ఊరు మునిగింది. తుంగభద్ర నిండి పారుతుంటే హంద్రీ నీళ్ళకు పోయే దారి లేక ఊళ్ళోకి తన్నుకొచ్చాయి. మంత్రాలయం, ఆలంపురం కూడా మునిగాయి. ఆ వరదలో శ్రీశైలం జలాశయానికి చేరిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పాతబస్తీలో కింది అంతస్తులు పూర్తిగా మునిగిపోయి, జనం మిద్దెల మీద గడిపారు.

అందుకే పాతబస్తీలోగానీ హంద్రీ పక్కనగానీ ఇల్లు చూసేటప్పుడు, అమ్మేవాళ్ళతో మాట్లాడే ముందు ఎదురింట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడండి. "అవ్వా, ఆ యేడు నీళ్ళు యాడిదాకా వచ్చినాయి?" అని అడగండి. లెక్కలు చెప్పరు. లేచి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి, "ఈడిదాకా నాయనా" అని చూపిస్తారు. ఆ చెయ్యి పెట్టిన చోటు మీ కొలత. కరెంటు మీటరు, మెయిన్ బోర్డు, ఇన్వర్టరు బ్యాటరీ దానికి పైనున్నాయా కిందున్నాయా చూసుకోండి. ఇల్లు కొనొద్దని నేననను. కింది అంతస్తులో ఏం పెట్టుకోవాలో, ఏం పెట్టుకోకూడదో తెలుసుకుని కొనమంటాను. బేరంలో కూడా ఆ గోడ మీది గుర్తు పనికొస్తుంది.

"అలాంటి వరద వెయ్యేళ్ళకొకసారి వస్తుంది, మన జన్మలో మళ్ళీ రాదు" అని బ్రోకర్లు చెబుతుంటారు. వెయ్యేళ్ళకొకసారి అన్నంత మాత్రాన వరద క్యాలెండరు చూసుకుని రాదు. ప్రతి యేడూ దానికి ఎంతో కొంత అవకాశం ఉంటుందనే ఆ లెక్కకు అర్థం. వాన లేకపోయినా నదికి వేరే కష్టాలుంటాయి. 2024 ఆగస్టు 10 రాత్రి హొస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయింది. ఆ డ్యాంకున్నవి 33 గేట్లు. పోయింది ఒక్కటే. ఆ ఒక్క గేటుకే దిగువన నది ఒడ్డు ఊళ్ళన్నిటికీ హెచ్చరికలు వెళ్ళాయి, మాకందరికీ టెన్షన్ పట్టుకుంది.

దిక్కుల గురించి ఒక మాట. వాస్తు వద్దని నేను ఎవరికీ చెప్పను, చెప్పినా వినరు. వాస్తు కూడా నీళ్ళ గురించి గట్టిగానే మాట్లాడుతుంది. ఈశాన్యం పల్లంగా ఉండాలి, వాన నీళ్ళు అటే పోవాలి అంటుంది. ఊరి వాలు అటే ఉంటే అంతకంటే కావాల్సిందేముంది? కానీ నేల మీ కోసం తిరగదు. కల్లూరు వైపు ఒక ఇంట్లో వీధి కాలువ నైరుతి మూలన ఉంటే, ఆవరణ మొత్తాన్ని గరుసు పోసి ఈశాన్యానికి వాలుగా చేశారు. ఆ మూలన కాలువ లేదు, పక్కింటి గోడ ఉంది. వాన పడితే నీళ్ళన్నీ ఈశాన్యానికే పోయి అక్కడే నిలుస్తాయి. సంపు కూడా అక్కడే. ఇలాంటి చోట వాలు మాట వాస్తు పండితుడు చెప్పినా, నీళ్ళు బయటికి పోయే దారి ప్లంబరుతో తేల్చుకోవాలి. ఈశాన్యంలో చిన్న చాంబరు కట్టి, అక్కడి నుంచి లోపల పైపుతో నైరుతి కాలువకు వాలు దొరుకుతుందేమో లెవెల్ ట్యూబు పట్టి చూడాలి. దొరకకపోతే ఆ వాలు మార్చుకోవడమే.

ఇప్పుడు ప్లాట్ల సంగతి. నంద్యాల రోడ్డు, బళ్ళారి రోడ్డు, నందికొట్కూరు రోడ్డు, ఏ రోడ్డెక్కినా లేఅవుట్ల బోర్డులే. కొనేవాళ్ళు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తారు. తీయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచి రిజిస్టరైన లావాదేవీల ఈసీ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తీసుకోవాలి. లింకు డాక్యుమెంట్లు కనీసం ముప్పై ఏళ్ళవి వరసగా పెట్టుకుని, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి విస్తీర్ణం, హద్దులు మారకుండా వచ్చాయా అని చూసుకోవాలి. అయితే ఈసీలో అమ్మకాలు, తాకట్లు కనిపిస్తాయి, వంక కనిపించదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు కనిపించదు. అన్నదమ్ముల మధ్య నోటిమాట మీద నడుస్తున్న తగాదా అసలే కనిపించదు.

వంక కనిపించేది గ్రామ పటంలో, ఎఫ్ఎంబీలో (సర్వే నంబరువారీ కొలతల పటంలో). సర్వే నంబరు చెప్పి సచివాలయంలో సర్వేయరును అడగండి. ప్లాటు మీదుగానో పక్కనుంచో వంక గీత పోతుంటే, అది ఇప్పుడు నేల మీద కనిపించకపోయినా అక్కడ ఉన్నట్టే లెక్క. రోడ్డేసినోళ్ళు పూడ్చేసి ఉంటారు, అంతే. వంక పోరంబోకు, కుంట పోరంబోకు ప్రభుత్వ భూములు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితా ఉంటుంది. మీ సర్వే నంబరు అందులో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మన సీమలో డీకేటీ పట్టాల భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి, అమ్మకానికి ఆంక్షలున్నవి, ఎక్కువ. అమ్మేవాళ్ళు "అందరూ కొంటున్నారన్నా" అంటారు. అందరూ కొనడం హక్కు కాదు. ఆ ఒక్క విషయానికి మాత్రం మంచి వకీలుకు ఫీజు కట్టి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి.

"పంచాయతీ అప్రూవల్ ఉంది సార్" అన్నది ఇంకో మాట. పంచాయతీ ముద్ర ఒక్కటే ఉంటే లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్టు కాదు. ఆ చోటికి లేఅవుట్లు మంజూరు చేసే అధికారమున్న సంస్థ దగ్గర లేఅవుట్ మంజూరై, ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. ఆ నంబరుతో ఆన్‌లైన్‌లో ప్లాను తీసి, పార్కు స్థలమని చూపించిన చోట ఇప్పుడు ఏముందో వెళ్ళి చూడండి. పార్కు పల్లంలో ఉందంటే వాననీళ్ళు చేరేది అక్కడికే. దాని పక్క ప్లాటు కార్నర్ బిట్ అని ఎక్కువ రేటు చెబుతారు.

అపార్టుమెంటు కొనేవాళ్ళకు రెరా చట్టంలో పనికొచ్చే నిబంధన ఒకటుంది, చాలామందికి తెలియదు. ఇల్లు అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్ళలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి మీరు బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. చెయ్యకపోతే పరిహారం అడగొచ్చు. కాబట్టి నాలుగో వానాకాలం వెళ్ళేసరికి ఇల్లంతా ఒకసారి టార్చి పట్టుకుని తిరగండి. బాత్రూం కింద స్లాబు, లిఫ్టు గుంత, డక్టు గోడలు చూడండి. కనిపించినవన్నీ ఫొటోలు తీసి, ఉత్తరం రాసి, అక్నాలెడ్జిమెంటు తీసుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు.

నేల గురించి ఇంకొంచెం చెప్పాలి, కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు ఇళ్ళకు ఇది పెద్ద జబ్బు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఇల్లు దాని మీద కూర్చుంటే ప్రతి ఏడూ ఒకసారి లేచి, ఒకసారి దిగుతుంది. అన్ని మూలలూ సమంగా లేస్తే ఫరవాలేదు, అలా ఎప్పుడూ జరగదు. ఏ మూల తడిస్తే ఆ మూలే లేస్తుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగులు దాని గుర్తు. పుట్టీ పెట్టి రంగేస్తే మరుసటి మే నెలలో అదే చోట మళ్ళీ తెరుచుకుంటుంది.

పగులు కదులుతోందా లేదా తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. దాని మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు చివరలా సిమెంటుతో అతికించి, పక్కన గోడ మీద తేదీ రాయండి. గాజు విరిగితే పగులు బతికే ఉన్నట్టు. ఒక వాన, ఒక ఎండాకాలం చూసినా విరక్కపోతే అప్పుడు పుట్టీ పెట్టుకోండి. విరిగితే మాత్రం ముందు నేల తడవడం ఆపాలి. ఇంటి చుట్టూ రెండు మూడడుగుల వెడల్పున, బయటికి వాలుగా కాంక్రీటు పట్టీ వేయించండి. పునాది పక్కన పూలకుండీలు, బట్టలుతికే బండ, ఏసీ నీళ్ళ పైపు ఉండకూడదు. వేపచెట్టు కూడా గోడకు దూరంగా నాటుకోవాలి, దాని వేళ్ళు రేగడిలోని తేమను లాగేస్తాయి. కొత్తగా కట్టేవాళ్ళు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్స్ గురించి ఇంజనీరును అడగండి. అడుగున బల్బులా ఉబ్బిన ఈ పైల్స్ పై పొర ఎంత ఆడినా దాని కింద, తేమ పెద్దగా మారని లోతులో పట్టుకుని నిలబడతాయి. పునాదికి అయ్యే అదనపు ఖర్చు మాడ్యులర్ కిచెన్‌కు పెట్టేదానికంటే తక్కువే అవుతుంది చాలా ఇళ్ళలో.

బేస్‌మట్టం ఎత్తు సంగతి మన ఊళ్ళో ఒక వింత. ఇల్లు కట్టినప్పుడు రోడ్డు కంటే రెండడుగులు పైన కడతారు. తర్వాత పాత సిమెంటు రోడ్డు తవ్వకుండానే దాని మీద కొత్త రోడ్డు వేస్తారు. ప్రతి ఎలక్షన్‌కు జానెడు లేస్తుంది రోడ్డు. ఇరవై ఏళ్ళ కింద కట్టిన ఇళ్ళల్లోకి ఇప్పుడు వీధిలోంచి మెట్లు దిగి పోతున్నాం. ఈ ఇళ్ళను అమ్మకానికి పెట్టేటప్పుడు గడప దగ్గర చిన్న దిమ్మ కట్టి, మీద ర్యాంపు పోసి చూపిస్తారు. ర్యాంపు లోపలి వైపు ఎంత దిగుతుందో చూస్తే విషయం తెలిసిపోతుంది. వీధిలో కొత్త రోడ్డు పడుతుంటే, పాతది తవ్వి తీసి వేయమని అందరూ కలిసి అడగాల్సింది ఆ రోజే. కాంక్రీటు గట్టిపడ్డాక అర్జీలు పెట్టి ప్రయోజనం లేదు.

గోడ చెమ్మ. కిందినుంచి మోకాలెత్తు దాకా ఉప్పు పూసి, రంగు పొడిపొడిగా రాలుతుంటే నేలలోని తేమ గోడలోంచి పైకి ఎక్కుతున్నట్టు. పాత బేతంచెర్ల రాళ్ళ గోడల్లో, మట్టితో పేర్చినవాటిలో ఇది మామూలు. జనం చేసే పని, దాని మీద టైల్స్ అంటించడం. నాకు ఒళ్ళు మండేది అప్పుడే. టైల్స్ వెనక తేమ ఎటూ పోలేక ఇంకో రెండడుగులు పైకెక్కుతుంది. మొదట మోకాలిదాకా ఉన్న మచ్చ నడుం దాకా వస్తుంది. సిమెంటు ప్లాస్టరు చెక్కేసి, గోడ ఒక ఎండాకాలం మొత్తం ఊపిరి పీల్చుకోనిచ్చి, సున్నం గచ్చు వేయించడం పాత మేస్త్రీలు చెప్పే పద్ధతి. రాతి గోడలకు నేనూ అదే చేయిస్తాను. చెమ్మ లోపలి నుంచా, గాలిలోని తేమా అని అనుమానముంటే జానెడు పాలిథీన్ కవరును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి బొట్లు పడితే తేమ గోడలోంచే వస్తోంది. గది వైపు పడితే కిటికీలు తెరవండి చాలు.

పైపు లీకేజీ పట్టుకోవడం ఇంకా తేలిక. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, పైన ట్యాంకులో నీళ్ళ మట్టం దగ్గర గీత పెట్టండి. పొద్దున్నకు తగ్గితే ఎక్కడో కారుతోంది.

స్లాబు దగ్గరికొస్తే, మన తాతల మట్టి మిద్దెలకు ఉన్నంత శ్రద్ధ ఇప్పటి ఆర్‌సీసీకి లేదు. ఏటా ముంగారు వానలకు ముందు చౌడు మట్టి తెచ్చి పరిచి, వాలు సరిచేసి, దోనెలు శుభ్రం చేసేవాళ్ళు. ఇప్పుడు స్లాబు వేశాక ఇక చూడాల్సిందేమీ లేదనుకుంటాం. కాంక్రీటులో సన్నటి పగులు గుండా నీళ్ళు లోపలి ఇనుప కమ్మీ దాకా పోతే అది తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు అడుగుతుంది, దాంతో కింది కాంక్రీటును తోసేస్తుంది. మంచం మీద పెచ్చు ఊడిపడిందంటే ఆ పని ఏళ్ళ తరబడి జరుగుతున్నట్టు. కమ్మీ శుభ్రం చేయకుండా మీద సిమెంటు మెత్తితే రెండేళ్ళలో అదీ ఊడుతుంది.

జూన్‌కు ముందు మిద్దెక్కి రెండు బిందెల నీళ్ళు గుమ్మరించి, నిలిచిన చోటల్లా చాక్‌పీసుతో గీయండి. అక్కడే మీ లీకేజీ మొదలవుతుంది. నీళ్ళు పైపువైపు పోవాలంటే వందకు ఒకటి వాలుండాలి, అంటే పదడుగులకు అంగుళం పైచిలుకు. కెమికల్ కోటింగు వేసే ముందు దుమ్ము పూర్తిగా కడిగి ఆరనివ్వాలి. దుమ్ము మీద వేసింది పొరలు పొరలుగా లేస్తుంది, డబ్బా మీద ఎన్నేళ్ళ గ్యారంటీ రాసినా సరే. కొత్త స్లాబు వేసేవాళ్ళకు ఒకే మాట: ఇప్పుడు దొరికే సిమెంటు ఎక్కువగా పీపీసీ (బూడిద కలిపిన పోజోలానా సిమెంటు), దానికి మన ఎండల్లో కనీసం పది రోజులు తడి ఆరకుండా క్యూరింగ్ చేయాలి. పొద్దున సాయంత్రం పైపు పట్టి వెళ్ళిపోతే మధ్యాహ్నానికే ఆరిపోతుంది. మడులు కట్టి నీళ్ళు నిలపండి.

పీఎం సూర్యఘర్ సబ్సిడీ వచ్చాక మిద్దెల మీద సోలార్ పలకలు ఎక్కువయ్యాయి. మంచిదే, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు తిరిగొస్తుంది. స్టాండ్లు బిగించడానికి స్లాబుకు డ్రిల్లు పెట్టి రంధ్రాలు వేస్తామంటే ఒప్పుకోకండి. కాంక్రీటు దిమ్మెలు పోసి వాటికి బిగించమనండి. గాలికి లేవకుండా దిమ్మె ఎంత బరువుండాలో వాళ్ళే లెక్క చెప్పాలి.

ఇక ప్రాణం తీసేది నీళ్ళూ కరెంటూ కలిసినప్పుడు. మన ఎండాకాలం కూలర్లతో గడుస్తుంది. ఇనుప డబ్బా, లోపల మోటారు, అడుగున నీళ్ళు, చుట్టూ తడి నేల, చెప్పుల్లేని కాళ్ళు. ప్రతి వేసవిలో పేపర్లో కూలర్ షాకు వార్తలు చదువుతూనే ఉంటాం. నీళ్ళు పోసే ముందు స్విచ్చి కట్టేస్తే సరిపోదు, ప్లగ్గు పీకాలి. స్విచ్చి న్యూట్రల్ వైరుకు పెట్టిన ఇళ్ళు నేను చూశాను, అక్కడ స్విచ్చి కట్టేసినా డబ్బాలో కరెంటు ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గుతో ఇనుప కూలర్ నడపకండి.

ఇంటికి ఒక ఆర్‌సీసీబీ పెట్టించుకోండి, 30 మిల్లీ ఆంపియర్లది. చాలామంది "మాకు ఎంసీబీలు ఉన్నాయి" అంటారు. ఎంసీబీ పని వైరు కాలకుండా చూడడం. మనిషి ఒంట్లోంచి కరెంటు పోతుంటే దానికి తెలియదు, ఎందుకంటే మనిషిని చంపడానికి సరిపోయే కరెంటు దాని లెక్కలో చాలా చిన్నది. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు పోల్చి, తేడా ఉంటే క్షణంలో కట్టేసేది ఆర్‌సీసీబీ ఒక్కటే. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి, పడిపోవాలి. పడకపోతే మార్చండి. పాత వైరింగు ఇళ్ళలో పెట్టగానే పదేపదే పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేస్తానంటాడు. తియ్యనివ్వకండి. ఎక్కడో లీకేజీ ఉందని అది చెబుతోంది, వెతికించండి. ఎర్తింగ్ గుంత మాత్రం తడిగా ఉండాలి. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఎర్తింగ్ సరిగా పనిచేయదు, వారానికో బిందె నీళ్ళు పోయండి.

సంపులో దిగి కడిగే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. చాలా రోజులు మూసి ఉన్న సంపులో ఊపిరాడే గాలి ఉండకపోవచ్చు. సెప్టిక్ ట్యాంకులోనైతే విషవాయువులుంటాయి. ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు దిగడం, ఇద్దరూ పోవడం ఎన్నిసార్లు వినలేదు? రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మిషను బండిని పిలవండి. సంపు మూతకు గొళ్ళెం, తాళం పెట్టండి, పసిపిల్లలున్న ఇంట్లో ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు.

పల్లెలో ఇంకా పాత మిద్దె ఉన్నవాళ్ళకు వేరే జాగ్రత్త. ఏటా పాత మన్ను తీయకుండా దాని మీదే కొత్త మన్ను పోస్తూ పోతే మందం పెరుగుతుంది, తడిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. కింద దూలాలేమో చెదపట్టి ఉంటాయి. కర్నూలు, నంద్యాల పల్లెల్లో వానాకాలంలో మిద్దె కూలి నిద్రలోనే జనం చనిపోయిన వార్తలు ఏటా వస్తుంటాయి. దూలం గోడలో కూర్చున్న చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి, లోపలికి దిగిపోతే ఆ దూలం పనైపోయింది. ముసురు రెండు రోజులు పట్టిందంటే, పై నుంచి సన్నగా మన్ను రాలుతోందంటే, ఆ రాత్రి ఇంకెక్కడైనా పడుకోండి. బంధువుల ఇల్లో, బడో, గుడో.

ఇన్సూరెన్సు మాట ఎత్తితే మనవాళ్ళు బండికి తప్ప ఇంటికి చేయించరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే ఒకే రకం పాలసీని అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్మాలని పెట్టింది. వరద, తుపాను, అగ్నిప్రమాదం దాని కిందికి వస్తాయి. ఇంట్లోని సామాన్లకు విడిగా వివరాలు ఇవ్వకపోయినా కట్టడం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా వర్తిస్తుంది. స్థలం విలువ కలిపి ఎక్కువ మొత్తానికి చేయించకండి, స్థలం వరదలో పోదు. తిరిగి కట్టడానికి చదరపు అడుగుకు ఎంతవుతుందో ఆ లెక్క చాలు. 2009లో బీరువాలతో పాటు దస్తావేజులు కూడా తడిసి ముద్దయిపోయిన ఇళ్ళున్నాయి. అలాంటప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు, కానీ డాక్యుమెంటు నంబరు, సంవత్సరం తెలిసుంటేనే పని తేలిక. ఆ రెండూ ఇంటి బయట ఇంకెవరి దగ్గరైనా రాసిపెట్టి ఉంచండి.